2 సమూయేలు 21: రిస్పా అధ్యాయాన్ని దాటవేయాలా, చదవాలా?

బ్రాడీపేట టీచరమ్మ (గుంటూరు)

అందరికీ వందనాలు. మా సంఘం స్త్రీల సమాజంలో బైబిల్లోని సమూయేలు రెండో గ్రంథాన్ని వరుసగా చదువుతున్నాం. వచ్చే నెల 21వ అధ్యాయం మీద మాట్లాడే వంతు నాది. ఆ మాట తెలియగానే మా పెద్దావిడ ఒకరు, "అది వదిలేయండి టీచరమ్మా, 22లో దావీదు స్తుతి గీతం ఉంది, హాయిగా అది చెప్పుకుందాం" అన్నారు. పాస్టరమ్మగారూ తల ఊపారు.

కథ గుర్తు లేనివారి కోసం: దావీదు కాలంలో మూడేళ్లు వరుసగా కరువు. కారణం దేవుణ్ణి అడిగితే, దావీదుకు ముందు రాజైన సౌలు గిబియోనీయులను (చంపబోమని ఇశ్రాయేలు ఒట్టు పెట్టిన పరదేశులను) చంపిన పాపం అని జవాబు వచ్చింది. గిబియోనీయులు వెండి బంగారాలు వద్దన్నారు, సౌలు సంతతిలో ఏడుగురిని అప్పగించమన్నారు. దావీదు అప్పగించాడు. వారిని కొండ మీద యెహోవా సన్నిధిని ఉరితీశారు. వారిలో ఇద్దరు సౌలు ఉపపత్ని రిస్పా కొడుకులు, అయిదుగురు సౌలు మనవలు. రిస్పా అక్కడే గోనెపట్ట పరచుకుంది. యవల కోత మొదలైన నాటి నుంచి ఆ శవాల మీద వాన కురిసేవరకు పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను దగ్గరకు రానివ్వలేదు.

ఇందులో ఆత్మీయంగా తీసుకోవలసింది ఏమిటి? "దేవుడు నీతిమంతుడు" అని చెప్పి కూర్చోవడానికి నాకు మనసొప్పడం లేదు. కొడుకులను పోగొట్టుకున్న తల్లులు మా సమాజంలోనే ఉన్నారు. వాళ్ల ఎదుట నిలబడే మాట ఏదైనా ఉంటే చెప్పండి.

కొత్తపేట బ్రదర్ (గుంటూరు)

సిస్టర్ గారికి ప్రభువు నామంలో వందనాలు. మీరు కలవరపడనక్కరలేదు. పాత నిబంధన అంతా రాబోయే మేలులకు ఛాయ. మ్రానుకు వేలాడినవారి మరణంతో దేశం మీది శాపం పోయింది, ఇది కల్వరికి, అంటే యేసు సిలువ మరణానికి, సూచన. రెండోది, ఒట్టు. యెహోషువ 9లో గిబియోనీయులు బూజు పట్టిన రొట్టెలు, పాత చెప్పులు చూపించి మోసం చేసినా, ఇశ్రాయేలు పెద్దలు దేవుని పేరిట ప్రమాణం చేశారు. దాన్ని సౌలు తప్పాడు. మోసపోయి చేసిన ఒట్టునైనా దేవుడు మరచిపోడు. ఈ రెండు సంగతులూ చెబితే అరగంట సందేశం అవుతుంది.

లెక్కల మాస్టారు (పటమట, విజయవాడ)

సందేశం అవుతుంది సరే, బ్రదర్. ఆ ఏడుగురు చేసిన తప్పేమిటో ఆ అరగంటలో ఎక్కడ చెబుతారు?

నేను నాస్తికుణ్ణి, కాని ఈ గ్రంథాన్ని శ్రద్ధగానే చదివాను. సౌలు గిబియోనీయులను చంపిన సంగతి మొదటి సమూయేలులో ఎక్కడా లేదు, ఇక్కడే మొదటిసారి వింటాం. చనిపోయినవారు ఎవరో చూడండి. రేపు సింహాసనం మాది అని అడగగలిగినవారు. ఇదే గ్రంథం 16వ అధ్యాయంలో సౌలు బంధువు షిమీ రాళ్లు రువ్వుతూ దావీదును నరహంతకుడా అని తిడతాడు, సౌలు ఇంటివారి రక్తం నీ తల మీద ఉందంటాడు. ఆ తిట్టు గాలిలో నుంచి పుట్టిందనుకోను. అధికారంలో ఉన్నవాడికి కరువు కూడా పనికొస్తుంది. రాజకీయ చరిత్రగా చదివితే ఈ అధ్యాయంలో చిక్కే లేదు.

కొత్తపేట బ్రదర్

మాస్టారూ, దావీదు దేవుని హృదయానుసారుడైన మనుష్యుడు. కారణం చెప్పింది దేవుడే కదా.

లెక్కల మాస్టారు

కారణం దేవుడు చెప్పాడు. ఏడుగురిని అడిగింది మాత్రం గిబియోనీయులు. "వీరిని చంపు" అని దేవుడు అన్నట్టు ఒక్క వచనం చూపించండి.

పాత పుస్తకాల పిచ్చి (విజయవాడ)

మాస్టారి ప్రశ్న సరైనది. ఆ ఆజ్ఞ గ్రంథంలో లేదు. దావీదు దేవుణ్ణి ఒకసారే అడిగాడు, కరువు ఎందుకు వచ్చిందని. ఏం చేయాలన్నది గిబియోనీయులను అడిగాడు.

మోషే ధర్మశాస్త్రంతో పోల్చితే ఇంకా ఇబ్బంది. ద్వితీయోపదేశకాండం 24:16 ప్రకారం తండ్రుల పాపానికి కొడుకులను చంపకూడదు. అదే గ్రంథం 21:22-23 ప్రకారం మ్రానుకు వేలాడదీసిన శవాన్ని రాత్రి ఉంచకూడదు, అదే రోజు పాతిపెట్టాలి. ఇక్కడ రెండూ తప్పారు. దీన్ని మొదట పట్టుకున్నది ఈ కాలపు నాస్తికులు కారు, యూదుల మతగురువులైన రబ్బీలే. వారి చర్చలను కూర్చిన తల్మూదులో యెబామోత్ అనే భాగంలో ఈ కథ మీద చర్చ ఉంది. పిల్లలు ఎందుకు చావాలి, శవాలు అన్నాళ్లు ఎందుకు ఉండాలి అని సూటిగా అడుగుతారు. 3వ శతాబ్దపు రబ్బీ యోహానాన్ పేరుతో వచ్చిన జవాబు ఏమిటంటే, దేవుని నామానికి అపకీర్తి రావడం కంటే ధర్మశాస్త్రంలో ఒక అక్షరం ఊడిపోవడం మేలు. దారిన పోయేవారు "వీరెవరు?" అంటే "రాజకుమారులు" అని, "ఏం చేశారు?" అంటే "దిక్కులేని పరదేశుల జోలికి వెళ్లారు" అని చెప్పేవారట. పరదేశుల కోసం రాజకుమారులనే శిక్షించిన జనం ఇదా అని విన్నవారు ఆశ్చర్యపోయారట.

ఆ జవాబు నాకు పూర్తిగా నచ్చదు. జోలికి వెళ్లింది సౌలు గాని, ఆ పిల్లలు కారు. కాని వారి పద్ధతి నచ్చుతుంది. గ్రంథం పవిత్రమని నమ్ముతూనే, ఇక్కడ అన్యాయం కనిపిస్తోందని గట్టిగా అంటారు. తిరుగుబాటు చేసే కొడుకును రాళ్లతో కొట్టి చంపమన్న ఆజ్ఞ (ద్వితీ. 21:18-21) దగ్గర ఇంకో అడుగు ముందుకు వేశారు. తల్మూదులోనే సన్హెద్రిన్ అనే భాగంలో, అలాంటి కొడుకు ఎన్నడూ లేడు, ఉండబోడు, ఆ వచనాన్ని పరిశోధించి ఫలం పొందడానికే రాశారు అని ఒక మాట ఉంది. ఆ పక్కనే మరో రబ్బీ "నేను చూశాను, వాడి సమాధి మీద కూర్చున్నాను" అంటాడు. ఆ రెండో మాటను కూడా చెరపకుండా ఉంచారు!

(మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే యూదు సమాజం ఉంది, వారికి సినగాగు (యూదుల ప్రార్థన మందిరం) ఉంది. ఈ గ్రంథాన్ని "పాత" అనకుండా తమ గ్రంథంగా చదివే తెలుగువారు మన పక్కనే ఉన్నారని చాలామందికి తెలియదు.)

మంగళగిరి విద్యార్థి

సర్, మరి యెహోషువ గ్రంథం? ఇశ్రాయేలు గెలిచిన కనానీయుల పట్టణం యెరికోలో పిల్లలను, ముసలివారిని కూడా చంపారని ఉంది. అక్కడ ఆజ్ఞ దేవుడిదే కదా. మా హాస్టల్లో మిత్రులు అడిగితే నాకు నోట మాట రాలేదు.

పాత పుస్తకాల పిచ్చి

అది ఇంతకంటే కష్టమైన చోటు. రెండు విషయాలు మాత్రం చెబుతాను. ఆ కాలపు రాజులందరూ యుద్ధం గురించి అలాగే చెప్పుకున్నారు. ఇశ్రాయేలు పొరుగు దేశమైన మోయాబు రాజు మేషా వేయించిన రాతి శాసనం 1868లో దొరికింది, క్రీ.పూ. 9వ శతాబ్దానిది. ఇశ్రాయేలు నుంచి నెబో పట్టణాన్ని గెలిచి, అందులోని ఏడు వేలమందిని తన దేవతకు అర్పితంగా చంపానని అందులో ఉంది. రెండోది, యెహోషువ 10, 11 అధ్యాయాలు ఎవరినీ మిగల్చలేదంటాయి. తరువాతి గ్రంథం న్యాయాధిపతులు మొదటి అధ్యాయమే కనానీయులు ఎక్కడెక్కడ మిగిలి ఉన్నారో జాబితా ఇస్తుంది. గ్రంథాన్ని కూర్చినవారు రెండింటినీ పక్కపక్కన ఉంచారు. దీనితో మీ మిత్రుల ప్రశ్న తీరదు, ఆజ్ఞ ఆజ్ఞగానే ఉంటుంది. కాని దాన్ని జరిగింది జరిగినట్టు రాసిన దినచర్యలా చదవకూడదని తెలుస్తుంది.

కొత్తపేట బ్రదర్

ఆత్మీయార్థం చెప్పుకోవచ్చు తమ్ముడూ. కనానీయులు అంటే మనలోని పాపాలు. వాటిని ఒక్కటి కూడా మిగల్చకూడదు. నా సొంత వ్యాఖ్యానం కాదు, సంఘపితరులు, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువులు, చెప్పినదే.

పాత పుస్తకాల పిచ్చి

నిజమే, 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్ యెహోషువ మీద ప్రసంగాలన్నీ ఆ దారిలోనే చేశాడు. పైపై అర్థం దగ్గరే ఆగిపోకుండా, కాలికి తగిలే రాళ్లలా దేవుడే ఇలాంటి చోట్లు పెట్టాడన్నాడు. అతనికంటే ముందు 2వ శతాబ్దంలో మార్సియన్ అనే బోధకుడు హెబ్రీ గ్రంథమే (పాత నిబంధనే) మనకు వద్దన్నాడు. సంఘం అతణ్ణి వెలివేసి, గ్రంథాన్ని నిలుపుకుంది. నిలుపుకున్నాక దానితో పెనుగులాడక తప్పదు. ఓరిజెన్ పెనుగులాడాడు, నాకు గౌరవమే.

గుణదల నర్సు (విజయవాడ)

నేను చాలా ఏళ్లుగా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసినదాన్ని. పెద్ద చదువులు చదువుకోలేదు. కాని ఈ "మనలోని పాపాలు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, బ్రదర్ ఏమీ అనుకోవద్దు. ఏడుగురు ఉరిమీద ఉన్నారు. వారిని మన కోపం, మన అసూయ అనుకుంటే శవాలు మాయమైపోతాయి. రిస్పా చేసిందంతా ఆ శవాలను మాయం కానివ్వకపోవడమే.

శవం దగ్గర రాత్రంతా ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మన ఆసుపత్రుల్లో అన్నిటికంటే భరించలేనిది వాసన కాదు, "తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు" అన్న మాట. టీచరమ్మ గారూ, మీరు వేరే అర్థం వెతక్కండి. ఆమె ఏం చేసిందో ఒక్కొక్కటి చెప్పండి. గోనె తెచ్చింది. పరచింది. కూర్చుంది. పక్షి వస్తే లేచింది.

బ్రాడీపేట టీచరమ్మ

నర్సమ్మ గారూ, మీ మాటతో నాకు మొదటిసారి ఊపిరి ఆడింది.

అది ఎంతకాలం? కోత మొదలు నుంచి వాన వరకు అంటే మనకు ఎండాకాలం నుంచి జూన్ తొలకరి వరకు అనుకుంటున్నాను.

పాత పుస్తకాల పిచ్చి

ఆ దేశపు వాతావరణం మనది కాదు, టీచరమ్మ గారూ. యవల కోత అక్కడ ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. తరువాత వేసవి అంతా చినుకు పడదు. మళ్లీ వానలు మొదలయ్యేది అక్టోబరులో. ఆ లెక్కన ఆరు నెలల దాకా అవుతుంది. దేవుడు అకాలంలో వాన కురిపించి ఉండవచ్చని, అప్పుడు కొన్ని రోజులో వారాలో మాత్రమేనని మరికొందరు వ్యాఖ్యాతలు అంటారు. వచనంలో నెలల లెక్క లేదు.

సత్యనారాయణపురం (విజయవాడ)

నేను క్రైస్తవుణ్ణి కాను. పురాణ కాలక్షేపం ఇంట్లో విని పెరిగినవాణ్ణి. మీ చర్చ చదువుతుంటే స్త్రీపర్వం గుర్తొచ్చింది. యుద్ధం అయిపోయాక గాంధారి కురుక్షేత్రంలోకి వస్తుంది. కొడుకుల శవాల చుట్టూ నక్కలు, గద్దలు. ఒక్కొక్కరినీ చూపిస్తూ కృష్ణుడితో మాట్లాడుతుంది. చివరికి, ఆపగలిగి కూడా ఆపలేదని కృష్ణుణ్ణే శపిస్తుంది. ఆయన ఆ శాపాన్ని ఒప్పుకుంటాడు. దేవుణ్ణి శపించిన మాటలను కూడా మా పెద్దలు గ్రంథంలో ఉంచారు, భక్తితోనే చదివారు.

ఒక తేడా కనిపించింది. గాంధారి అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడుతుంది. మీ రిస్పా ఒక్క మాటైనా అంటుందా?

బ్రాడీపేట టీచరమ్మ

మీరు అడిగాక వెతికానండీ. ఆమె పేరు రెండే చోట్ల వస్తుంది. 3వ అధ్యాయంలో సేనాధిపతి అబ్నేరు ఆమె దగ్గరకు వెళ్లాడని సౌలు కొడుకు ఇష్బోషెతు తగాదా పడతాడు. అక్కడ మగవాళ్లిద్దరూ ఆమె గురించి మాట్లాడుకుంటారు గాని ఆమె మాట్లాడదు. ఇక్కడా ఒక్క మాట లేదు. ప్రార్థించింది అని కూడా లేదు! మా స్త్రీల సమాజంలో ఇది చెబితే ఎలా తీసుకుంటారో.

తెనాలి ప్యాసింజర్

చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను. మాది చుండూరు పక్క పల్లె. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. కొందరిని గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేశారు. బయటికి తీసిన వారిని మావాళ్లు ఊరి నడుమ పాతిపెట్టారు, ఎక్కడో అవతల కాదు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

మా ప్రార్థన మందిరంలో ఈ అధ్యాయం మీద సందేశం నేను ఎన్నడూ వినలేదు. ఎస్తేరు చెబుతారు, రూతు చెబుతారు. మా అమ్మకు చదువు రాదు, ఒకసారి నేనే చదివి వినిపించాను. "ఆమె అక్కడ కూర్చుంది కాబట్టే రాజు ఎముకలు ఏరించాడు" అంది. అంతే అంది. కల్వరి సూచన అని నేను చెబితే ఆమె వినేది, వినయంగా తల ఊపేది. కాని ఆ అధ్యాయం ఆమెది అయ్యేది కాదు.

(ఒక సభ్యుని వ్యాఖ్య తొలగించబడింది)

నిర్వాహకుడు

చుండూరు మీద కులం పేరుతో వాదులాటకు దిగిన వ్యాఖ్యను తీసేశాను. ఇక్కడ గ్రంథం గురించి మాట్లాడండి. తెనాలి ప్యాసింజర్ గారూ, మీ వ్యాఖ్య అలాగే ఉంటుంది.

కొత్తపేట బ్రదర్

తెనాలి అన్నయ్యా, మీ అమ్మగారి మాట చదివాక అధ్యాయాన్ని మళ్లీ తెరిచాను. సూచన అన్న మాటను నేను వెనక్కి తీసుకోను. కాని సూచన ఎక్కడుందో ఇంకా చూడాలనిపిస్తోంది. యోహాను 19:31లో శవాలు సిలువల మీద ఉండకూడదని అదే సాయంత్రం దింపమన్నారు. అరిమతయి యోసేపు వచ్చి ప్రభువు దేహాన్ని అడిగి తీసుకున్నాడు. ఈ ఏడుగురికి అలా అడిగేవాడు లేడు, తల్లి తప్ప. సిలువ దగ్గరా నిలబడినవారిలో స్త్రీలే ఎక్కువ. నేను చెప్పవలసి వస్తే రిస్పాను యేసు తల్లి మరియ పక్కన నిలబెడతాను.

లెక్కల మాస్టారు

బ్రదర్, ఇది మొదటిదానికంటే మెరుగు. ప్రభువు తనంతట తాను ప్రాణం పెట్టాడంటారు మీరు. ఈ ఏడుగురినీ ఎవరూ అడగలేదు. ఆ తేడా కూడా చెప్పండి.

కొత్తపేట బ్రదర్

చెబుతాను మాస్టారూ.

పాత పుస్తకాల పిచ్చి

తెనాలి వారి అమ్మగారు పండితులు చూసినదే చూశారు. వచనాల వరుస గమనించండి. 9లో ఏడుగురు చనిపోయారు. "అప్పుడు దేవుడు దేశాన్ని కరుణించాడు" అని అక్కడ లేదు. 10లో రిస్పా. 11లో ఆమె చేసింది దావీదుకు తెలిసింది. 12, 13లో యాబేష్గిలాదు ఊరి నుంచి సౌలు, అతని కొడుకు యోనాతాను ఎముకలు తెప్పించాడు, ఈ ఏడుగురి ఎముకలూ ఏరించాడు. 14లో సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టారు. ఆ తరువాతే దేశం కోసం చేసిన మనవిని దేవుడు ఆలకించాడు. కథ చెప్పినవాడు చంపడానికీ ఆలకించడానికీ మధ్య ఒక స్త్రీని కూర్చోబెట్టాడు. పొరపాటున అలా వచ్చిందని నేను నమ్మను.

లెక్కల మాస్టారు

ఒప్పుకుంటాను, వరుస అలాగే ఉంది. కాని 10లోనే వాన పడింది కదా? కరువు తీరడానికి వాన చాలదా? ఎముకలకూ వానకూ సంబంధం ఏమిటి?

పాత పుస్తకాల పిచ్చి

వాన పడగానే కరువు తీరిందని గ్రంథం అనలేదు. చంపినందుకే వాన వచ్చిందని చదివేవారు ఉన్నారు, మీ వాదానికి అది బలమే. వాన ఆమె కాపలాకు గడువు మాత్రమేనని, దేవుని జవాబు 14లోనే ఉందని నేను చదువుతాను. వచనం రెండింటికీ చోటిస్తోంది.

గుణదల నర్సు

నాకు ఇంకొకటి. అన్ని రోజులు ఆమెకు అన్నం ఎవరు తెచ్చారు? నీళ్లు? నిద్ర ఎప్పుడు పోయింది? పక్షులూ మృగాలూ అంటే పగలూ రాత్రీ కాపలా. ఒక్క మనిషి వల్ల అవుతుందా? నేను పన్నెండు గంటల డ్యూటీకే కూలబడేదాన్ని.

తెనాలి ప్యాసింజర్

మా అమ్మ కూడా ఇదే అడిగింది. తోటి ఆడవాళ్లు తెచ్చి ఉంటారని ఆమే అనుకుంది.

పాత పుస్తకాల పిచ్చి

గ్రంథంలో లేదు. అయితే 11వ వచనంలో రిస్పా చేసింది దావీదుకు "తెలియజేశారు". రాజుగారికి ఎవరో చెప్పారు. కాబట్టి ఆ కొండను చూస్తున్నవారు ఉన్నారు.

లెక్కల మాస్టారు

వేగులవాడు కూడా చూస్తూనే ఉంటాడండీ.

బ్రాడీపేట టీచరమ్మ

మాస్టారూ, మీరు లేకపోతే మేమంతా తొందరగా ఏడ్చేసి లేచిపోయేవాళ్లం.

నేను ఇలా అనుకుంటున్నాను. అధ్యాయాన్ని 1 నుంచి 14 వరకు ఆపకుండా ఒకరితో చదివిస్తాను. దేవుడు చంపమన్నాడని నేను అనను, ఎందుకంటే లేదు. దావీదు తప్పు చేశాడా అని సమాజాన్నే అడుగుతాను, నా అభిప్రాయం అడిగితే చెబుతాను, చేశాడనే. ద్వితీయోపదేశకాండం 24:16ను, 21:23ను పక్కన చదివిస్తాను. అన్నం ఎవరు తెచ్చారన్న ప్రశ్న వేసి జవాబు వాళ్లకే వదిలేస్తాను. బిడ్డలను పోగొట్టుకున్నవారిని మాట్లాడమని బలవంతపెట్టను. రిస్పా మాట్లాడలేదు కదా, మౌనంగా ఉన్నవారికి కూడా ఈ అధ్యాయంలో చోటుంది.

22 కూడా మానను. ఆ గీతంలో 21వ వచనంలో దావీదు తన చేతుల నిర్దోషత్వాన్ని బట్టి దేవుడు తనకు ప్రతిఫలమిచ్చాడని పాడతాడు. ఇన్నాళ్లూ దాన్ని కంఠతా చెప్పుకున్నాం. ఈ కొండ దిగి వచ్చాక ఆ వచనం ఎలా పాడాలో నాకు తెలియడం లేదు.

కొత్తపేట బ్రదర్

సిస్టర్, ఆ గీతం సౌలు చేతి నుంచి తప్పించిన దినమున పాడినదని 22:1లోనే ఉంది. అంటే ఈ సంఘటనకు ముందుదే కావచ్చు.

పాత పుస్తకాల పిచ్చి

కావచ్చు. మరి కూర్చినవాడు దాన్ని తెచ్చి సరిగ్గా ఇక్కడే ఎందుకు పెట్టాడు, బ్రదర్?

నిర్వాహకుడు

22వ అధ్యాయానికి వేరే అంశం తెరుస్తున్నాను. మంగళగిరి విద్యార్థి అడిగిన యెహోషువ ప్రశ్ననూ విడిగా పెడుతున్నాను. ఈ రెండింటి మీదా ఇకపై అక్కడ రాయండి.